ఒడి నుంచి సీటుకు: పిల్లల కారు సీటు చట్టాల చరిత్ర

మోటారు కారు కుటుంబాల వాడుకలోకి వచ్చిన తొలి దశాబ్దాలలో, అందులో ప్రయాణించే పసిబిడ్డకు తల్లి ఒడి కాక వేరే చోటు ఉండాలన్న ఆలోచన ఏ దేశంలోనూ కనిపించదు. గుర్రపు బండిలోనూ రైలు పెట్టెలోనూ బిడ్డను పొదువుకున్న చేతులే కారులోనూ పొదువుకుంటాయని, అంతకంటే భద్రమైన చోటు బిడ్డకు మరొకటి ఉండదని అందరూ నమ్మారు. ఆ నమ్మకం వాత్సల్యం నుంచి పుట్టింది కనుక దానిని ప్రశ్నించడం కష్టమైంది. ప్రశ్నించిన వైద్యులూ ఇంజినీర్లూ తల్లి ప్రేమనే శంకిస్తున్నవారిగా కనబడవలసి వచ్చింది. నేడు అనేక దేశాలలో అమలులో ఉన్న పిల్లల కారు సీటు చట్టాల చరిత్రను పరిశీలిస్తే, అది ఒక వస్తువు మెరుగుపడిన కథగా కంటే, ఒడి చాలదన్న సత్యాన్ని సమాజాలు మెల్లమెల్లగా ఒప్పుకున్న కథగానే ఎక్కువగా అర్థమవుతుంది.

కారులో పిల్లల కోసం వేరే ఆసనం మొదట తయారైనది రక్షణ కోసం కాదు. 1930ల తొలి సంవత్సరాలలో అమెరికాలో బన్నీ బేర్ అనే సంస్థ అమ్మిన ఆసనం, వెనుక కూర్చున్న పిల్లవాడిని కిటికీ ఎత్తుకు లేపి బయటి దృశ్యాలు చూడనివ్వడానికీ, ముందున్న తల్లిదండ్రులు తల తిప్పితే వాడు కంటబడేలా ఉంచడానికీ ఉద్దేశించినది. 1940లలో వచ్చినవి ఇనుప చట్రానికి మందపు గుడ్డ బిగించి, రెండు కొక్కేలతో ముందు సీటు వీపుకు తగిలించిన ఊయల వంటి సంచులు. కొన్నింటికి పిల్లవాడు తిప్పుకునేందుకు బొమ్మ స్టీరింగు కూడా ఉండేది. బ్రేకు గట్టిగా పడితే ఆ కొక్కేలు ఊడి, పిల్లవాడు చట్రంతో సహా ముందుకు ఎగిరిపోయే ప్రమాదం ఉన్నా, వాటిని కొన్నవారు కోరినది పిల్లవాడు అటూఇటూ తిరగకుండా ఒకచోట కుదురుగా ఉండడం మాత్రమే.

పెద్దల రక్షణ విషయంలో అసలైన మలుపు 1959లో వచ్చింది. అంతకుముందు సాబ్ సంస్థలో యుద్ధ విమానాల నుంచి పైలట్లను బయటకు విసిరే ఆసనాలపై పనిచేసిన స్వీడన్ ఇంజినీరు నిల్స్ బోలిన్, వోల్వో సంస్థలో చేరి, భుజం మీదుగా ఒకటి, నడుము మీదుగా ఒకటి సాగి ఒకేచోట బిగిసే మూడు బిందువుల బెల్టును రూపొందించాడు. ఆ సంస్థ దాని హక్కులను ఇతర తయారీదారులకూ తెరిచి ఉంచడంతో అది ప్రపంచమంతటా పాకింది. అయితే ఆ బెల్టు పెద్దవారి దేహనిర్మాణాన్ని లెక్కలోకి తీసుకుని చేసినది. దాని పని గుద్దుకున్న క్షణంలో దేహం మీద పడే బలాన్ని కటి ఎముకల మీదికీ, ఉరోస్థి మీదికీ, అంటే ఎదురొమ్ము ఎముక మీదికీ మళ్లించడం. ఆ ఎముకలు బలంగా, బెల్టు జారకుండా పట్టుకునే ఆకారంలో ఉంటేనే అది పనిచేస్తుంది. మూడేళ్ల పిల్లవాడి కటి ఎముక ఇంకా చిన్నదిగా, గుండ్రంగా ఉంటుంది కనుక నడుము పట్టీ దాని మీద నిలవక పొట్ట మీదికి ఎక్కి, లోపలి పేగులనూ వెన్నెముకనూ దెబ్బతీస్తుంది. భుజం పట్టీ భుజానికి బదులు మెడకు తగులుతుంది. చంటిబిడ్డ సంగతి మరీ సున్నితం. ఆ వయసులో తల పొడవే దేహం పొడవులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది, మెడలోని పూసలు ఇంకా పూర్తిగా ఎముకగా గట్టిపడక మృదులాస్థితో కలిసి ఉంటాయి. ముందుకు విసిరినట్లయిన తల బరువును ఆ మెడ ఆపలేదు.

ఈ చివరి విషయం నుంచే పిల్లల కారు సీటు చరిత్రలో అత్యంత ముఖ్యమైన ఆలోచన పుట్టింది. బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే స్వీడన్ వైద్యుడు, అమెరికా జెమిని అంతరిక్ష నౌకల కోసం సిద్ధమవుతున్న వ్యోమగాములు త్వరణపు ఒత్తిడిని వీపు మొత్తం మీద పంచుకునేలా వెల్లకిలా ఒదిగి ఉండే ఆసనాలను టెలివిజన్‌లో చూసి, అదే సూత్రం పసిబిడ్డకూ వర్తిస్తుందని గ్రహించాడని ప్రసిద్ధి. బిడ్డ ముఖం కారు వెనుకవైపుకు ఉండేలా కూర్చోబెడితే, కారు ముందువైపు దేనినైనా గుద్దుకున్నప్పుడు బిడ్డ తల, మెడ, వీపు ఒకేసారి సీటు వీపులోకి ఒత్తుకుంటాయి. బలం వెడల్పుగా పంచబడుతుంది, తల ఒంటరిగా ముందుకు ఊగిపోదు. 1964లో ఈ సూత్రంతో చేసిన నమూనా సీటును వోల్వో కారులో పరీక్షించారు. 1967లో ఆ సంస్థ ముందు సీటును వెనుకకు తిప్పి పిల్లలకు అమర్చుకునే ఏర్పాటును, 1972లో వెనుకకు తిరిగి ఉండే ప్రత్యేకమైన పిల్లల సీటును అమ్మకానికి పెట్టింది. ఆల్డ్‌మన్ అనంతర కాలంలో గోతెన్‌బర్గ్‌లోని చామర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రోడ్డు భద్రత ఆచార్యుడిగా పనిచేశాడు. స్వీడన్‌లో పిల్లలను నాలుగేళ్ల దాకా వెనుకకు తిప్పి కూర్చోబెట్టే ఆచారం పాదుకొనడానికి ఆయన ఆలోచనే మూలం. ఇతర దేశాలు ఆ పద్ధతిని పసిబిడ్డలకు మాత్రమే పరిమితం చేసి, కాస్త ఎదగగానే ముందుకు తిప్పడం మొదలుపెట్టాయి. ఆల్డ్‌మన్ చెప్పినదే సరి అని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ తన సలహాను మార్చి, రెండేళ్లు నిండేదాకా వెనుకకే తిప్పి ఉంచమన్నది 2011లో, వయసు లెక్క వదిలి సీటు అనుమతించినంత కాలమూ అలాగే ఉంచమన్నది 2018లో.

ఇతర చోట్ల ప్రయత్నాలు లేకపోలేదు. 1962లోనే బ్రిటన్‌లో జీన్ ఏమ్స్ అనే ఆమె ఆంగ్ల అక్షరం వై ఆకారపు పట్టీతో వెనుకకు తిరిగిన సీటును, అమెరికాలో డెన్వర్ నగరవాసి లెనార్డ్ రివ్‌కిన్ లోహపు చట్రంతో ముందుకు తిరిగిన సీటును, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే రూపొందించారు. పెద్ద కార్ల సంస్థలు ఆ దశాబ్దం చివరకు కదిలాయి: 1968లో ఫోర్డ్, పిల్లవాడి ఎదుట మెత్తటి డాలు వలె నిలిచే టాట్ గార్డ్‌ను, 1969లో జనరల్ మోటార్స్, చంటిబిడ్డను వెనుకకు తిప్పి పడుకోబెట్టే లవ్ సీట్‌ను విడుదల చేశాయి.

వస్తువు పుట్టింది కానీ దానికి ప్రమాణం పుట్టలేదు. 1971లో అమెరికా సమాఖ్య ప్రభుత్వం పిల్లల సీట్లకు మొదటి ప్రమాణాన్ని, 213 అనే సంఖ్యతో నేటికీ పిలవబడుతున్నదాన్ని, అమలులోకి తెచ్చింది. సీటును కారు బెల్టుతో బిగించాలి, పిల్లవాడిని సీటుకు పట్టీలతో కట్టాలి అన్నంతవరకు అది మేలు చేసింది. కానీ నిజమైన గుద్దుడులో సీటు ఏమవుతుందో చూడమని అది అడగలేదు. కదలని సీటు మీద నెమ్మదిగా బరువు మోపి, అది తట్టుకుంటే చాలునన్నది. మరుసటి ఏడే కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక సీట్లను గుద్దుడు పరీక్షలకు గురిచేసినప్పుడు, ప్రభుత్వ ప్రమాణానికి సరిపోయినవే అనేకం విరిగాయి, ఊడాయి, బిడ్డకు బదులు కూర్చోబెట్టిన బొమ్మను వదిలేశాయి. డాక్టర్ సీమోర్ చార్లెస్, ఆనెమరీ షెల్‌నెస్ నడిపిన, కారు భద్రత కోసం పాటుపడే వైద్యుల సంఘం ఈ లోపాన్ని సంవత్సరాల తరబడి ఎత్తిచూపుతూ వచ్చింది. కదిలే పట్టాల మీద సీటునూ బొమ్మనూ గంటకు 48 కిలోమీటర్ల వేగంతో ఆపి చూసే పరీక్ష తప్పనిసరి అయినది 1981 జనవరి నుంచి మాత్రమే. ఆ పదేళ్లూ ముద్ర ఉన్న సీటును కొని, తమ బిడ్డ భద్రంగా ఉందని నమ్మిన తల్లిదండ్రుల పట్ల ప్రభుత్వం బాధ్యత నెరవేర్చలేదనే చెప్పాలి.

చట్టాల చరిత్ర మాత్రం రాజధాని వాషింగ్టన్‌లో కాక, టెన్నెసీ రాష్ట్రంలోని మర్‌ఫ్రీస్‌బరో అనే చిన్న పట్టణంలో మొదలయింది. అక్కడి రూథర్‌ఫర్డ్ కౌంటీ, అంటే మన జిల్లా వంటి పాలనా విభాగం, ఆరోగ్య శాఖను నడిపిన పిల్లల వైద్యుడు రాబర్ట్ సాండర్స్, పోలియో వంటి రోగాలకు టీకా వేయడం ఎలా వైద్యుడి బాధ్యతో, కారు ప్రమాదం నుంచి బిడ్డను కాపాడడం కూడా అలాంటి నివారణ వైద్యమేనని వాదించాడు. ఆ కాలపు అమెరికాలో ఒక ఏడాది దాటిన పిల్లల మరణాలకు రోగాలకంటే ప్రమాదాలే పెద్ద కారణమవుతుండగా, టీకా లేనిదే బడిలో చేర్చుకోని రాష్ట్రం, కట్టు లేని బిడ్డను కారులో ఎక్కించడాన్ని ఎందుకు అనుమతిస్తున్నదన్నది ఆయన ప్రశ్న. ఆయనా ఆయన భార్య పాట్రీషియా శాసనసభ్యులకు స్వయంగా ఫోన్లు చేసి, ఇళ్లలో ఉన్న సమయం చూసి మరీ మాట్లాడి మద్దతు కూడగట్టారు. 1976లో బిల్లు వీగిపోయింది. ప్రభుత్వం ఇంటి గడప లోపలికి వస్తున్నదని, సీటు కొనలేని పేదలు నేరస్థులవుతారని, తన బిడ్డను ఎలా చూసుకోవాలో తల్లికి చట్టం చెప్పనవసరం లేదని అభ్యంతరాలు వచ్చాయి. ఈ అభ్యంతరాలలో రెండవది న్యాయమైనది. సాండర్స్ పక్షం వారు దాన్ని తోసిపుచ్చక, సీట్లను స్వల్ప రుసుముకు అరువిచ్చే కేంద్రాలను ఏర్పాటు చేయించడం ద్వారా జవాబు చెప్పారు.

1977లో బిల్లు నెగ్గింది, గవర్నరు రే బ్లాంటన్ సంతకం చేశాడు, 1978 జనవరి 1 నుంచి టెన్నెసీ అమెరికాలో పిల్లల సీటును తప్పనిసరి చేసిన తొలి రాష్ట్రమయింది. నాలుగేళ్ల లోపు పిల్లలతో కారు నడిపే తల్లిదండ్రులకు అది వర్తించింది. జరిమానా 2 నుంచి 10 డాలర్లు. అయితే బిల్లును నెగ్గించుకోవడానికి సాండర్స్ ఒక సవరణను దిగమింగవలసి వచ్చింది. ఆ సవరణ ప్రకారం బిడ్డను సీటులో కట్టనవసరం లేకుండా, కారులోని పెద్దవారెవరైనా చేతుల్లో ఎత్తుకుని కూర్చున్నా చట్టాన్ని పాటించినట్టే. చట్టం ఏ నమ్మకానికి వ్యతిరేకంగా పుట్టిందో ఆ నమ్మకమే, ‘లేదా’ అన్న ఒక చిన్న మాట చాటున, చట్టం లోపలికి వచ్చి కూర్చుంది. సాండర్స్ ఆ సవరణకు ‘బిడ్డను నలిపేసే సవరణ’ అని పేరు పెట్టాడు. అది అతిశయోక్తి కాదు. గుద్దుకున్నప్పుడు బెల్టు లేని తల్లి తాను ముందుకు పడుతుంది, ఆమె దేహపు బరువంతా ఆమెకూ డాష్‌బోర్డుకూ మధ్య చిక్కిన బిడ్డ మీద పడుతుంది. చట్టం వచ్చిన తరువాత కూడా చేతుల్లో ఉన్న పసివాళ్లు ప్రమాదాలలో చనిపోతూనే ఉండడంతో, ఆ ఆధారాలను మళ్లీ శాసనసభ ముందుకు తీసుకువెళ్లి 1981లో ఆ మినహాయింపును రద్దు చేయించారు. అదంతా జరిగే నాటికి, చట్టానికి ముందు పదిమంది పసిపిల్లలలో ఒకరికైనా అందని సీటు, మూడవ ఏటికి దాదాపు ముగ్గురికి అందుతున్నదని రోడ్డు మీద చేసిన లెక్కింపులు తెలిపాయి. స్వల్పమైన జరిమానా ఉన్న, మినహాయింపుతో కుంటుతున్న చట్టమే ఇంత చేసిందంటే, చట్టం పని శిక్షించడం కంటే ఫలానాది మామూలు పద్ధతి అని సమాజానికి ప్రకటించడమని ఆ అంకెలు రుజువు చేస్తాయి.

చేతులు ఎందుకు చాలవన్నది తర్కంతో చెప్పవచ్చు, కానీ దాన్ని కొలిచి చూపినవారిలో ఒక భారతీయుడు ఉండడం ఈ చరిత్రలో మనం గుర్తుంచుకోవలసిన విషయం. తరువాతి కాలంలో ఢిల్లీ ఐఐటీలో ఆచార్యుడిగా దేశంలో రోడ్డు భద్రత పరిశోధనకు పునాది వేసిన దినేశ్ మోహన్, అమెరికాలో పనిచేస్తున్న రోజులలో, లారెన్స్ ష్నైడర్‌తో కలిసి, ఒళ్లో ఉన్న బిడ్డను పెద్దవారు ఎంత బలంతో పట్టుకోగలరన్నది ప్రయోగపూర్వకంగా పరీక్షించాడు; ఆ అధ్యయనం 1979లో వెలువడింది. తాము బెల్టు పెట్టుకుని, ముందే తెలిసి, గట్టిగా హత్తుకుని ఉన్న ఆరోగ్యవంతులైన పెద్దలు కూడా తీవ్రమైన గుద్దుడులో బిడ్డంత బరువున్న బొమ్మను నిలుపుకోలేరన్నది దాని సారం. లెక్క సులువైనదే. గంటకు 48 కిలోమీటర్లు, అంటే సెకనుకు 13 మీటర్లకు పైగా వేగంతో పోయే కారు గోడను గుద్దుకుంటే, ముందుభాగం నలిగే 60 సెంటీమీటర్ల దూరంలో ఆగిపోతుంది. ఆ కొద్దిపాటి దూరంలో ఆగడానికి కావలసిన బలం భూమ్యాకర్షణకు సుమారు 15 రెట్లు. 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో 150 కిలోల మూట అవుతుంది, అదీ సెకనులో పదో వంతు వ్యవధిలో, చేతి కండరాలకు కబురు అందేలోపే. బియ్యం బస్తా ఒకటి 25 కిలోలనుకుంటే, ఆరు బస్తాలు ఒక్కసారి చేతుల్లోంచి ముందుకు దూకడమన్నమాట. దినేశ్ మోహన్ 2021లో కన్నుమూశారు. ఆయన కొలిచిన సత్యం ఆయన పుట్టిన దేశపు కార్లలో ఇంకా అమలుకు రావలసే ఉంది.

టెన్నెసీ తరువాత మిగిలిన రాష్ట్రాలు ఒక్కొక్కటిగా కదిలి, 1985 నాటికి అమెరికాలోని మొత్తం 50 రాష్ట్రాలలోనూ పిల్లల సీటు చట్టాలు వచ్చాయి. ఒక సామాజిక చట్టం ఎనిమిదేళ్లలో దేశమంతటా పరుచుకోవడం అసాధారణం. కానీ ఆ చట్టాలు నాలుగేళ్లతో ఆగిపోయాయి; సీటు నుంచి దిగిన నాలుగైదేళ్ల పిల్లవాడు పెద్దల బెల్టులోకి, అంటే పైన చెప్పినట్టు పొట్టనూ మెడనూ కోసే పట్టీలోకి వెళ్లాడు. పిల్లవాడిని కొన్ని అంగుళాలు ఎత్తి కూర్చోబెట్టి, బెల్టు తుంటి మీదా భుజం మధ్యలోనూ పడేలా చేసే పీట వంటి ఆసనాన్ని, బూస్టర్ అని పిలిచేదాన్ని, వోల్వో 1970ల చివరలోనే తయారుచేసినా, చట్టం దాన్ని గుర్తించలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో, సరిపడని పెద్దల బెల్టులో నుంచి విసిరివేయబడి ఒక నాలుగేళ్ల బాలుడు 1996లో మరణించగా, అతని తల్లి చేసిన పోరాటంతో 2000లో ఆ రాష్ట్రం బూస్టర్ చట్టం చేసింది. 2002లో ఆ బాలుడి పేరుతోనే ఆంటన్ చట్టం అమెరికా సమాఖ్య స్థాయిలో వచ్చింది. 1990లలోనే మరొక పాఠం కూడా నేర్చుకోవలసి వచ్చింది. పెద్దలను కాపాడేందుకు పెట్టిన ముందు సీటు ఎయిర్‌బ్యాగు, అక్కడ వెనుకకు తిప్పి పెట్టిన పసిబిడ్డ సీటు వీపును అతి వేగంతో గుద్ది బిడ్డలను చంపింది. పిల్లల చోటు వెనుక సీటే అన్న నియమం ఆ మరణాల తరువాతనే స్థిరపడింది.

ఐరోపాలో 1980ల ఆరంభం నుంచి 44వ నిబంధన పేరుతో ఉమ్మడి ప్రమాణం నడిచింది. బ్రిటన్ 2006 సెప్టెంబరు నుంచి 12 ఏళ్లు లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు, ఏది ముందు వస్తే అంతవరకు, పిల్లల సీటునో బూస్టర్‌నో తప్పనిసరి చేసింది. జపాన్ 2000 ఏప్రిల్‌లో ఆరేళ్ల లోపు పిల్లలకు చట్టం తెచ్చింది. ఐరోపాలో 2013లో వచ్చిన 129వ నిబంధన బరువుకు బదులు ఎత్తును కొలమానం చేసి, 15 నెలలు నిండేదాకా బిడ్డను వెనుకకు తిప్పే ఉంచాలని శాసించింది. ఆల్డ్‌మన్ సూత్రం సలహా స్థాయి దాటి నిబంధనగా మారడం అదే.

చట్టం సీటును కొనిపించగలదు కానీ సరిగా బిగించలేదు. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2015లో వెలువరించిన పరిశీలనలో పిల్లల సీట్లలో 46 శాతం ఏదో ఒక ముఖ్యమైన పొరపాటుతో వాడుకలో ఉన్నట్టు తేలింది. సరిగా వాడితే ఏడాది లోపు బిడ్డల మరణాలను 71 శాతం, ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలను 54 శాతం తగ్గించగల వస్తువు అది. అందుకే వాడే పద్ధతి కూడా ఈ చరిత్రలో భాగమే. పొరపాట్లలో మొదటిది సీటు వదులుగా ఉండడం. కారు బెల్టు సీటు గుండా దూరే చోట చేత్తో పట్టుకుని ఊపితే అది ఎటూ అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు; మోకాలు సీటులో ఆనించి, దేహపు బరువు మోపి, బెల్టును లాగి బిగిస్తే తప్ప చాలా కార్లలో ఆ బిగువు రాదు. ఈ శ్రమను తప్పించడానికే కారు సీటు మడతలో ఉక్కు కడ్డీలు అమర్చి, పిల్లల సీటు కొక్కేలు వాటికి టక్కుమని తగులుకునేలా చేసిన ఐసోఫిక్స్ పద్ధతి 1990ల చివర వచ్చింది. ముందుకు తిరిగిన సీటయితే దాని పైభాగాన్ని కారు వెనుక ఉన్న కొక్కేనికి కట్టే మూడవ పట్టీ కూడా ఉంటుంది. అది పెట్టకపోతే గుద్దుడులో పిల్లవాడి తల ఇంకా ముందుకు పోయి ఎదుటి సీటుకు తగులుతుంది.

రెండవది పిల్లవాడిని కట్టే పట్టీల వదులు. రెండు భుజాల మీదుగా, రెండు తుంటుల మీదుగా, కాళ్ల మధ్య నుంచి వచ్చి ఐదు చోట్ల పట్టే ఆ పట్టీలను బిగించాక, భుజం దగ్గర పట్టీని నిలువుగా బొటనవేలు, చూపుడువేలు మధ్య చిటికెతో పట్టి చూడాలి: మడత వేళ్లలోకి వస్తే వదులు, వేళ్లు జారిపోతే సరి. వెనుకకు తిరిగిన బిడ్డకు ఆ పట్టీలు భుజాల ఎత్తున గానీ, కాస్త కింద నుంచి గానీ రావాలి. ముందుకు తిరిగిన పిల్లవాడికి భుజాల ఎత్తున గానీ, కాస్త పైనుంచి గానీ రావాలి. బిడ్డకు చలి తగలకూడదని దూది కోటు తొడిగి, దాని మీద పట్టీలు బిగిస్తే గుద్దుడులో ఆ కోటు నలిగి నాలుగు వేళ్ల సందు మిగులుతుంది. పలుచని బట్ట మీద కట్టి, పైన దుప్పటి కప్పాలి. పుట్టిన వారాల బిడ్డ సీటు మరీ నిటారుగా ఉంటే తల ముందుకు వాలి, గడ్డం ఎదురొమ్ముకు ఆని శ్వాస అందదు. మరీ పడుకోబెడితే రక్షణ తగ్గుతుంది. సీటు పక్కన ఉండే ఏటవాలు గీత అందుకే ఉన్నది. ప్రమాదం చూసిన సీటును మళ్లీ వాడకూడదు, ఎవరి దగ్గర ఎన్నేళ్లు వాడారో తెలియనిదాన్ని అరువు తెచ్చుకోకూడదు. ప్లాస్టిక్ కాలానికి పెళుసెక్కుతుంది కనుక సీటు అడుగున గడువు తేదీ అచ్చు వేస్తారు.

ఈ చరిత్రతో తెలుగువారికి మొదట నేరుగా తగిలిన బంధం విదేశాలలోనే. అమెరికాలో ప్రసవమైన తల్లిని ఇంటికి పంపే వేళ బిడ్డకు కారు సీటు ఉన్నదా అని ఆసుపత్రి సిబ్బంది అడగడం ఆనవాయితీ కనుక, అక్కడి తెలుగు కుటుంబాలలో ఊయల కంటే, వెండి గిన్నె కంటే ముందు కొనే వస్తువు కారు సీటే. పురిటికి సాయమని ఊరి నుంచి వెళ్లిన అమ్మమ్మకు, గుక్కపట్టి ఏడుస్తున్న మనవడిని సీటు నుంచి తీసి ఒళ్లోకి తీసుకోకూడదన్న నియమం మొదట్లో నిర్దయగా తోస్తుంది. కారు రోడ్డు పక్కన ఆపి, బిడ్డను తీసి, పాలు పట్టి, మళ్లీ కట్టి బయలుదేరడం అక్కడి పద్ధతి. ఆమె ఆరు నెలల తరువాత స్వదేశానికి తిరిగి వచ్చేసరికి అది ఆమెకూ అలవాటవుతుంది. ఆ మనవడే సెలవులకు హైదరాబాదో విజయవాడో వచ్చినప్పుడు మాత్రం, విమానాశ్రయం బయట ఎక్కిన ట్యాక్సీలో సీటు లేక, మళ్లీ ఒళ్లోకే చేరతాడు.

భారతదేశంలో చట్టం ఆలస్యంగా వచ్చింది. ముందు సీట్లకు బెల్టులు అమర్చాలన్న నియమం 1994లో, వెనుక సీట్లకు 2002లో వచ్చింది. పిల్లల విషయం మోటారు వాహనాల చట్టంలో స్పష్టంగా చేరినది 2019 సవరణతో, సెక్షన్ 194బి రూపంలో. అది ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉంది. 14 ఏళ్లు నిండని పిల్లలను సీటు బెల్టుతో ‘లేదా’ పిల్లల నిరోధక వ్యవస్థతో కట్టకుండా వాహనం నడిపితే, నడపనిస్తే 1,000 రూపాయల జరిమానా అని ఆ సెక్షన్ చెబుతుంది. పిల్లల నిరోధక వ్యవస్థ అన్నది సీటు, బూస్టర్ మొదలైనవన్నీ కలిపి చట్టం వాడే పేరు. కారు లేని కుటుంబాలు ఎక్కువగా బైకు మీద తిరిగే దేశం కనుక, 2022 ఫిబ్రవరిలో మరో నియమం వచ్చి, ఏడాది తరువాత అమలయింది: తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను ద్విచక్ర వాహనం మీద తీసుకుపోతే, బిడ్డను నడిపేవారి భుజాలకు కట్టి ఉంచే రక్షణ పట్టీ, బిడ్డ తలకు హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. 2023 అక్టోబరు నుంచి నడుస్తున్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలలో, ఏడాదిన్నర బిడ్డనూ మూడేళ్ల బిడ్డనూ పోలిన బొమ్మలను వెనుక సీట్లలో కూర్చోబెట్టి, కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి, పిల్లల రక్షణకు 49 మార్కులలో లెక్క కట్టి నక్షత్రాలు ఇస్తున్నారు. కొత్త కార్ల ప్రకటనలలో ఆ నక్షత్రాలు వెలుగుతున్నాయి. కానీ ఆ మార్కులు వచ్చినది బొమ్మను పిల్లల సీటులో కట్టినప్పుడు. అదే కారులో ఒళ్లో కూర్చున్న బిడ్డకు ఆ నక్షత్రాలలో ఒక్కటీ వర్తించదు.

2024 అక్టోబరులో కేరళ రవాణా అధికారులు పిల్లల సీట్లను దశలవారీగా అమలు చేస్తామని ప్రకటించగా, వ్యతిరేకత చూసి జరిమానాలు ఉండవని ఆ రాష్ట్ర మంత్రి వెనక్కు తగ్గారు. అక్కడ వినబడిన అభ్యంతరాలు యాభై ఏళ్ల కిందట టెన్నెసీలో వినబడినవే: ఖర్చు, అలవాటు, తల్లి చేతుల మీద నమ్మకం. ఖర్చు విషయంలో జవాబు అప్పటిదే ఇప్పటికీ పనికి వస్తుంది. జిల్లా ఆసుపత్రి ప్రసూతి వార్డు దగ్గర సీట్లను అరువిచ్చే ఏర్పాటు ఉంటే, ట్యాక్సీ సంస్థలు కోరినవారికి సీటున్న బండి పంపితే, ఏడాది వాడి అటక మీద పడేసే వస్తువుకు వేల రూపాయలు ఎందుకన్న ప్రశ్న తలెత్తదు.

సెక్షన్ 194బిలోని లోపం జరిమానా మొత్తంలో లేదు. రెండేళ్ల బిడ్డకు పెద్దల బెల్టు చుట్టినా, వెనుకకు తిరిగిన సీటులో కట్టినా ఆ సెక్షన్ దృష్టిలో ఒక్కటే. పదమూడేళ్ల బాలుడికీ పదమూడు నెలల బిడ్డకూ అది ఒకే వాక్యంతో సరిపెట్టింది. టెన్నెసీ తన చట్టంలోని ‘లేదా’ను మూడేళ్లలో తొలగించుకుంది. వయసునూ ఎత్తునూ బట్టి ఎవరికి వెనుకకు తిరిగిన సీటు, ఎవరికి ముందుకు తిరిగినది, ఎవరికి బూస్టర్, ఎవరికి బెల్టు అని విడదీసి రాసేంతవరకు, మన చట్టంలోని ‘లేదా’ బిడ్డ పక్షాన ఉన్నట్టు కాదు.